చల్లారాక తీసిన మూత

పక్కింటి బాబాయిగారు మొన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. ఆత్మకు చావు లేదని ఈ కాలనీ మండపంలో మైకు పట్టుకొని గర్జించేవాణ్ణి నేను. ఆ పూట మైకు జోలికి పోకుండా ఆయన పాడె పట్టాను.

ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందులో స్థిరపడ్డారు. తెల్ల అంబాసిడర్ అంటే ప్రాణం. పొద్దున్నే పాత పంచె ముక్కతో దాన్ని తుడిచేవారు. గుడికైనా, దవాఖానకైనా ఎవరడిగినా కారు తీసేవారు. "సర్దుకోండయ్యా, ఇంకోళ్లు పడతారు" అంటూ బెంచీలాంటి ముందు సీట్లో అందరినీ ఇరికించేవారు. తలుపు దభాలున వేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "అది తలుపయ్యా, నీ శత్రువు కాదు."

మా అమ్మాయి మాకు చెప్పకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకొని తుర్కయంజాల్‌లో అత్తవారింట ఉందని తెలిసిన రోజు, ఆ గడప ముందే "నాకు బిడ్డ లేదు" అని పదిమందిలో చెప్పి రావాలని బయల్దేరాను. శాస్త్రాలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆటో కోసం చూస్తుంటే బాబాయిగారు కారు తీశారు. "ఎక్కు. నేనూ వస్తా."

ఎల్‌బీ నగర్ దాటి సాగర్ రోడ్డెక్కామో లేదో, కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తారు.

"ఏమైంది బాబాయ్?"

"వేడెక్కింది."

"జర రేడియేటర్ల నీళ్లు పోసి బండి తియ్యరాదు!"

"వేడి మీద మూత తియ్యకూడదయ్యా. మొహం కాలుద్ది."

పక్కనే ఉన్న కొట్టులో టీ చెప్పారు. నేను తిడుతూనే ఉన్నాను. ఆయన కప్పులోకి చూస్తూ అన్నారు: "చిన్నప్పుడు మీ అమ్మాయి హారన్ నేనే కొడతానని నా ఒళ్లోకెక్కి కూర్చునేది. గుర్తుందా?"

"గుర్తున్నది" అన్నాను. నా గొంతు తగ్గడం నాకే వినిపించింది.

ఇంకో టీ అయ్యాక బానెట్ దించారు. నీళ్లు పోయనే లేదని అప్పుడు నాకు తట్టలేదు.

అత్తవారింటి గేటు దగ్గర అమ్మాయి బిక్కచచ్చి నిలబడింది. నోరు తెరిచాను. "తిన్నవా బిడ్డా?" అన్న మాటే వచ్చింది.

నిన్న పలకరించడానికి వెళ్లినప్పుడు ఆయన భార్యతో ఆ సంగతే అన్నాను: "ఆ దినం బండి వేడెక్కకపోతే నా బిడ్డ నాకు దక్కకపోతుండె పిన్నీ."

ఆమె కన్నీళ్లలోనే నవ్వింది. "వేడెక్కడమా! ఆ బండికి ఆ తిప్పలు ఏనాడూ రానిచ్చేవారు కాదయ్యా. 'కారుకేం కాలేదే, మనవాడే సలసలా కాగిపోతున్నాడు' అని ఆ రోజు ఇంటికొచ్చి చెప్పారు."

సోదరులారా, కోపం బుద్ధిని మింగేస్తుందని ఇన్నేళ్లుగా ఇదే మైకులో మీకు అరిచి చెప్పాను. బాబాయిగారు బానెట్ ఎత్తి చెప్పారు.

నిన్న వాళ్లింట్లోంచి బయటికి వస్తే, పరామర్శకు వచ్చిన మా అమ్మాయి ఆ పంచె ముక్కతో కారు తుడుస్తోంది. తుడిచి, ముందు సీట్లో కాసేపు కూర్చుంది. దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసింది.