ఫార్మోసా వాడు గీసిన మా ఇల్లు

మా నాయనకు బొమ్మలంటే గిట్టదు. మద్రాసు నుంచి వచ్చే వారపత్రికకు చందా కట్టి మదనపల్లెకు తెప్పించుకునేవాడు గానీ, అందులో వ్యంగ్యచిత్రం ఉన్న పేజీ వస్తే చాలు, ఎదురుగా అప్పులవాడు వచ్చినట్టు గబుక్కున తిప్పేసేవాడు. "అచ్చరాలు రానోళ్ళకు బొమ్మలు. మనకు యాల?" అనేవాడు. ఆయన తిప్పేసిన పేజీయే నాకు కావలసిన పేజీ. ఆయన బయటికి పోయేదాకా ఆగి, పత్రిక తీసుకుని పెరటి గుమ్మంలో కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లో పత్రికల్లో ఒక బొమ్మ, దాని కింద ఒక మాట, అంతే ఉండేది. ఒకసారి మాత్రం నాలుగు గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేశారు. గొడుగు తెరిచిన మనిషి, గాలికి గొడుగు తిరగబడిన మనిషి, దానితో కుస్తీ పడుతున్న మనిషి, గొడుగు చంకలో పెట్టుకుని తడిసిపోతున్న మనిషి. మా అవ్వకు చూపించాను. ఆమె పత్రికను దూరంగా పట్టుకుని చూసి, "నలుగురన్నదమ్ములూ ఒకే పోలికలో ఉండారే! ఒక్కడికన్నా మంచి గొడుగు దొరకలేదు, పాపం" అంది. నలుగురు కాదవ్వా, ఒక్కడే అని ఎంత చెప్పినా వినలేదు. "ఒక్క మనిషి ఒకే కాగితంలో నాలుగు తావుల్లో ఎట్లుంటాడే? నన్ను ఎర్రిదాన్ని చేస్తాండావా?" అని కసురుకుంది. నేను నవ్వాను గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేముంది? అక్షరాలు నేర్పడానికి బడి ఉంది. గడి తర్వాత గడి ఎటు పోవాలో మాకెవరు నేర్పారు?

నన్ను పుంగనూరికి ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో ఆయన చెవులు తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. అంత పెద్ద చెవులు నేను మళ్ళీ ఎవరికీ చూడలేదు. అంగళ్ళకు బోర్డులు రాయడం ఆయన పని. ఇంట్లో మాత్రం ఎక్కడ కాస్త జాగా కనపడితే అక్కడ బొమ్మ. గోడ మీద బొగ్గుతో మా అత్త మొహం గీసేవాడు, ఆమె అలికేసేది, మళ్ళీ గీసేవాడు. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత పత్రికల్ని చూసి పసిపిల్లవాడిలా సంబరపడ్డాడు. మంచి నల్లసిరా కొని, ఒక బొమ్మ గీసి మద్రాసుకు పంపించాడు. టపా మనిషి వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి. ఆ బొమ్మ అచ్చు కాలేదు, తిరిగీ రాలేదు.

మా పక్కిల్లు సాయిబులది. ఆ ఇంటావిడను వీధంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ళకు దుప్పట్ల అంగడి ఉండేది. దానికి ఉర్దూలో బోర్డు కావాలన్నారు. ఈయనకు ఉర్దూ రాదు, ఖాలా భర్త కాగితం మీద రాసిస్తే అది చూసి దింపాడు. అలవాటు కొద్దీ ఎడమ చివర మొదలుపెట్టాడు. కుడి చివరకు వచ్చేసరికి పలక అయిపోయి, పేరు మొదలు కాస్తా మూలన ఇరుక్కుపోయింది. ఖాలా ఆ బోర్డు చూసి, "ఏం నాయనా, మా ఆయన్ను కాళ్ళకాడి నుంచి తలకాయకు రాసినావా? మా రాత ఈ పక్కనించి కదా వచ్చేది!" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన మళ్ళీ రాసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

యుద్ధం ముదిరి అంగళ్ళు మందగించాయి, కొత్త బోర్డులు రాయించుకునేవాళ్ళు లేకపోయారు. పటాలంలో కూడా బోర్డులు రాసేవాళ్ళు కావాలట అని ఎవరో చెప్పారు. వద్దని ఏడ్చాను. మా అత్త అంతకంటే ఎక్కువ ఏడ్చింది. ఆయన వింటేగా! పోయే రోజు సంగటి వడ్డించాను. దారికి రాగి రొట్టెలూ, చెనక్కాయల పొడీ నా పాత గళ్ళ చీర చింపి మూట కట్టిచ్చాను. బండి కట్టించుకుని కుప్పం పోయి అక్కడ రైలెక్కాడు. సింగపూరు నుంచి రెండో మూడో కార్డులు వచ్చాయి. తర్వాత సింగపూరు జపాను వాళ్ళ వశమైంది, కార్డులూ ఆగిపోయాయి.

ఆ ఏళ్ళ గురించి ఏం రాయను? ఆయన కావాలని ఉండేది. పొద్దున ముగ్గు వేసేటప్పుడు కావాలని ఉండేది, బియ్యం ఏరేటప్పుడు కావాలని ఉండేది. వీధిలో ఎవరైనా సుద్దముక్కతో గోడ మీద గీత గీసినా చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని.

యుద్ధం ముగిశాక ఒక పగటిపూట రామకుప్పం నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. బోర్నియో దీవిలో జపాను వాళ్ళ చెరలో మా ఆయనతో కలిసి ఉన్నాడట. మా అత్త మజ్జిగ ఇస్తే తాగి, మెల్లగా చెప్పుకొచ్చాడు. అక్కడ కాపలాగాళ్ళలో ఒకడు ఫార్మోసా అనే దీవి నుంచి, ఇప్పుడు తైవాన్ అంటున్నారే అక్కడి నుంచి, వచ్చిన కుర్రవాడు. "మనం తెల్లోళ్ళ కింద ఉండేట్టే, వాళ్ళూ జపానోళ్ళ కింద ఉండారంట తల్లీ. వాడికీ బొమ్మల పిచ్చే. వాళ్ళ ఊర్లో వార్తల కాయితాల్లో జపానోళ్ళు గీసిన నవ్వులాట బొమ్మలు ఏస్తారంట. అవి సూసి సూసి ఈ పిల్లోళ్ళూ నేర్సుకుని, నలుగురు కూడి గీసుకునేటోళ్ళంట. కాయితమోళ్ళకు పంపిస్తే ఏసుకోలేదంట" అన్నాడు.

మద్రాసు వాళ్ళు వేసుకోని బొమ్మ ఒకటి ఈయనది, అక్కడెవరో వేసుకోని బొమ్మ ఒకటి వాడిది. ఇక కలవకేం చేస్తారు? ఒకరి భాష ఒకరికి రాదు. వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలతో, మట్టి మీద పుల్లతో గీసుకుని మాట్లాడుకునేవాళ్ళట. తుపాకీ పట్టుకున్నవాడూ, వాడికి బందీగా ఉన్నవాడూ నేల మీద వంగి కూర్చుని నవ్వుకునేవాళ్ళట. ఒకరోజు ఈయన మా ఇంటి సంగతులు చెబుతుంటే ఆ పిల్లవాడు సిమెంటు సంచి కాగితం మీద గీసి ఇచ్చాడు. తర్వాత కొంతమందిని వేరే చోటికి తోలుకుపోయారు. వాళ్ళలో ఈయన ఉన్నాడు. పోయే ముందు ఆ కాగితం ఈ రామకుప్పం ఆయన చేతిలో పెట్టి, ఇంట్లో ఇవ్వమన్నాడు. "ఆ పైన నాకు తెలీదమ్మా. పోయినప్పుడు మాత్రం నడస్తానే పోయినాడు" అని తల వంచుకున్నాడు.

కాగితం విప్పాం. అడ్డంగా నాలుగు గడులు. ఎడమ చివరి గడిలో ఆగి ఉన్న రైలు, దాని తలుపు కడ్డీ పట్టుకుని చంకలో మూటతో ఆయన. చెవులు చూస్తే తెలిసిపోయింది, ఆ పిల్లవాడు చెవుల్ని వదల్లేదు. దాని పక్క గడిలో ఎద్దులబండి ఎదురుగా మనవైపే చూస్తున్నట్టు ఉంది. పాపం వాడు మన ఎద్దుల్ని ఎక్కడ చూశాడు, వెనక్కి వంగిన కొమ్ములతో దున్నపోతుల్ని గీశాడు. మూడో గడిలో గడప, చెయ్యెత్తి నిలబడ్డ మా అత్త. నాలుగో గడిలో ఆయన సంగటి తింటున్నాడు, నేను గరిటె పట్టుకుని పక్కన ఉన్నాను. చీర అంటే ఏమిటో తెలియక నాకు ఇంతింత వెడల్పు చేతులున్న అంగీ తొడిగాడు. "ఇదెవురే, ఈ దొరసాని?" అంది మా అత్త. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

అంతలోనే మా అత్త కాగితం మీదికి వంగింది. రైలు మీద వేలు పెట్టి, "దిగినాడు" అంది. వేలు జరిపి, "బండెక్కినాడు" అంది. "గడపలోకి వచ్చినాడు. రా నాయనా అంటాండా. సూడు, కూడు తింటాండాడు! వస్తాండాడే, నా కొడుకు వస్తాండాడు. చెప్పి పంపినాడే!" అని కాగితాన్ని కళ్ళకద్దుకుని వలవలా ఏడ్చింది. ఆ రోజు నుంచి మా ఇంటికి వీధి వీధంతా వచ్చేది. అత్త అందరికీ వేలు పెట్టి చదివి వినిపించేది. మూట చూపించి, "ఇది నాకే, సింగపూరు నుంచి ఏందో తెస్తాండాడు" అనేది. అక్షరం ముక్క రాని మనుషులు మా నడవలో కూర్చుని గడులు చదవడం నేర్చుకున్నారు. నేను మాత్రం ఆ మూట వైపు చూడలేకపోయేదాన్ని. దాని మీద ఆ పిల్లవాడు గళ్ళు గీశాడు.

ఒక సాయంత్రం ఖాలా వచ్చింది. ఆమె ఊరెళ్ళి అప్పుడే తిరిగొచ్చింది, ఈ సంగతులేవీ తెలియవు. అత్త సంబరంగా కాగితం ఆమె ముందు పరిచింది. ఖాలా కళ్ళజోడు పెట్టుకుని, ఉర్దూ చదివే మనిషి కదా, కుడి చివరి గడి మీద వేలు పెట్టింది. "సంగటి తిన్నాడు, బిడ్డ. గడప దాటినాడు, అమ్మ పోయిరా అంటాది. బండెక్కినాడు. రైలెక్కి ఎలబారినాడు. అయ్యో, ఆ పొద్దు నాకు కండ్ల ముందరే ఉండాది, అట్నే గీసినాడే!" అంది.

అత్త కాగితం లాక్కుంది. "నా కొడుకును ఇంట్లోంచి ఎలగొడ్తావా? మీ సదువు తిరగమరగ సదువు! ఇంగ నా గడప తొక్కద్దు" అని అరిచింది. ఖాలాకు ఏం తప్పు చేసిందో కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు ఖాలా మీద కోపం రాలేదు. ఆ గళ్ళ మూట, ఆయన పోయేనాడు నేను కట్టిచ్చిందే.

చెరలో ఉన్న సైనికులు ఓడల మీద వస్తున్నారనీ, మద్రాసు వైపు నుంచి రైళ్ళలో దిగుతున్నారనీ ఊళ్ళో చెప్పుకుంటే, అత్త కుప్పం పోదామని పట్టుబట్టింది. బొగ్గుతో నడిచే బస్సులో మసి కొట్టుకుంటూ పోయాం. ఆమె ప్లాట్‌ఫారం మీద కూర్చుని కదలనంది. "నేను లేనప్పుడు దిగితే?" అంది. నీళ్ళు తెద్దామని బయటికొస్తే, స్టేషను ముందర రాగుల బస్తా దించుకుంటూ రామకుప్పం ఆయన కనపడ్డాడు. అడవిపందులు పంటలో పడి తొక్కగా మిగిలిన రాగుల్ని సంతకు తెచ్చాడు.

నేను నేరుగా అడిగేశాను. "అన్నా, ఆ బొమ్మ ఏ పక్కనించి గీసినాడు?"

ఆయన బస్తాను గోడకు ఆనించాడు. "వాళ్ళ రాతే కుడిచేతి పక్కనించి వస్తాదమ్మా. కూడు తినేదాంతో మొదులుపెట్టినాడు, రైలుతో ముగించినాడు. ఇంట్లోంచి ఎట్ల వచ్చినాడో చెప్తాంటే గీసిందే అది." నా మొహం చూసి తొందరగా అన్నాడు, "అయితే ఒక మాట ఉండాది తల్లీ. నేను పక్కనే ఉండాను. అంతా గీసినాక మీ ఆయన ఆ కాయితం సూసి, సూసి, నవ్వినాడు. 'మా ఇంట్లో దీన్ని ఎడం పక్కనించి సదువుతార్రా. సదువుకోనీ. మా యమ్మకు నేను ఇంటికి వస్తాను' అన్నాడు."

నీళ్ళ చెంబు అక్కడే దించేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన మీద అంత ప్రేమ, అంత కోపం ఒక్కసారిగా నాకు ఎప్పుడూ కలగలేదు. తను రాలేనేమో అని అక్కడే అనుకుని, నవ్వి, మడిచి పంపించాడు. తల్లి సంగతి అంతా ఆలోచించాడు. అందులో నాకేం పంపాడు?

ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను. అత్త పట్టాల వైపు చూస్తూనే, "ఎవురితో మాట్లాడ్తాండావు? ఆ రామకుప్పమాయనేనా? ఏమన్యాడు?" అంది.

"మనం సదివినట్టే సదవాలంట అత్తా. ఆయనే చెప్పినాడంట" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

"ఆ ఖాలాకు చెప్పల్ల" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. ఊరికి రాగానే ఆమే పోయి పిలుచుకొచ్చింది. ఖాలా నా మొహం ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా కూర్చుని, ఎడమ చివర వేలు పెట్టి "దిగినాడు" అని మొదలుపెట్టింది. అత్త బతికినన్నాళ్ళూ ఆమె అలాగే చదివింది.

ఆయన రాలేదు. ఎక్కడ పోయాడో, ఎప్పుడు పోయాడో చెప్పినవాళ్ళు లేరు. ఆ ఫార్మోసా పిల్లవాడు బతికాడో లేదో, వాళ్ళ ఊరి పత్రికలో వాడి బొమ్మ ఎప్పుడైనా పడిందో లేదో తెలియదు. పడి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

అత్త ఉన్నప్పుడు నేనూ ఎడమ నుంచే చదివేదాన్ని. ఒక్కదాన్నే ఉన్నప్పుడు కుడి నుంచి చదువుతాను. మొదటి గడిలో ఆయన సంగటి ముందు కూర్చుని ఉంటాడు, నేను గరిటెతో నిలబడి ఉంటాను. రెండో గడికి పోను. ఆయన ఇంకా లేవలేదు.