సబ్ ఠీక్ అన్న ఒక్క మాట

మంటి ముద్దలో ఊపిరి ఊది, ఆ ఊపిరికి మాట నేర్పిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ మాటతో నేనేం చేశానో చెప్పుకోవడానికి ఇన్నేళ్ళు నన్ను బతికించినందుకు కూడా ఆయనకే మహిమ.

పోయిన మంగళవారం జూబ్లీ హిల్స్‌లో, ఒకప్పుడు నేను పదకొండేళ్ళు కారు నడిపిన ఇంటి ముందు నుంచి వెళుతూ ఆగిపోయాను. ఆ ఇంట్లో ఇప్పుడెవరూ కాపురం లేరు, షూటింగులకు అద్దెకిస్తున్నారు. గేటు బయట జనరేటర్ బండి, లోపల పచ్చిక మీద ఇసుక మూటలు, సైనికుల దుస్తుల్లో ఇడ్లీలు తింటున్న జూనియర్ ఆర్టిస్టులు. వాచ్‌మన్ తెలిసినవాడు కాబట్టి లోపలికి రానిచ్చాడు. డైరెక్టర్ మైకులో రెడీనా అని అడిగితే, రెడీ సార్ అని నాలుగు మూలల నుంచి నాలుగు గొంతులు లేచాయి. నా పక్కన నిలబడ్డ ఆర్టిస్టుకు ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. అతనూ రెడీ సార్ అనే అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను మాత్రం పక్కనున్న ఇసుక మూట మీద కూర్చుండిపోయాను.

నా వయసు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది, ఆ రోజుల్లో మెతుకుసీమ పల్లెల నుంచి మాలాంటి వాళ్ళు సైన్యంలో చేరడమంటే కడుపు నిండా అన్నం దొరకడమే. ముందు మా అక్క భర్త చేరాడు, రెండేళ్ళ తరువాత ఆయన వెనుక నేను చేరాను. దేవుని చిత్తమో ఏమో, సరిహద్దు కొండల మీద ఇద్దరం ఒకే కంపెనీలో పడ్డాం. బావ మెషిన్‌గన్ దగ్గర హవల్దారు. నేను వైర్‌లెస్ పెట్టె వీపున మోసుకొని కమాండర్ వెంట నడిచేవాణ్ణి.

మా మొదటి కమాండర్‌కు ఒక అలవాటు ఉండేది. ఆయన ఏ పోస్టుకు వచ్చినా అంతా బాగుందా అని అడిగేవాడు కాదు, ఏం బాగాలేదో చెప్పండి అని అడిగేవాడు. చెప్పేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి దాడికి అంతా సిద్ధమయ్యాక, వంటవాడు ముందుకొచ్చి, గ్రెనేడ్లు మోయాల్సిన కంచరగాడిదలు ఇంకా కిందే ఉన్నాయని చెబితే, ఆయన దాడిని మరునాటికి వాయిదా వేశాడు. వంటవాడి మాట మీద యుద్ధం ఆగిందని పక్క కంపెనీ వాళ్ళు నెల రోజులు ఎగతాళి చేశారు. మరునాడు కొండెక్కిన వాళ్ళందరూ తిరిగొచ్చి, ఆ వంటవాడు పెట్టిన అన్నమే తిన్నారు.

ఆయన బదిలీ అయ్యాక వచ్చిన మేజరు మన కృష్ణా జిల్లా మనిషి. ఆయనకు ధైర్యం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తూటాలకు అందరికంటే ముందు ఎదురు నడిచేవాడు. కానీ చెడ్డ కబురు వినడం ఆయన వల్ల అయ్యేది కాదు. మంచు బూట్లు చాలవని చెప్పిన, నాయక్ హోదాలో ఉన్న ఒక జవానును, పిరికివాడికి బూట్లు ఎన్నున్నా చాలవంటూ అందరి ముందూ నిలబెట్టి అవమానించాడు. ఆ తరువాత మా కంపెనీలో ఏదీ తక్కువ కాలేదు, ఎవరికీ జ్వరం రాలేదు. ఆయన ఏమడిగినా పైనుంచి కింది దాకా అంతా బాగుందనే ఒక్కటే జవాబు. సబ్ ఠీక్ సాబ్.

ఆ తెల్లవారుజామున కంపెనీ ఎదుటి గుట్ట మీద దాడి చెయ్యాలి, పై గట్టు మీద నుంచి బావ మెషిన్‌గన్‌తో కాపు కాయాలి. ఇంకా పావుగంట ఉందనగా నా చెవిలో బావ గొంతు వినపడింది.

"బామ్మర్దీ, గన్నుకు మంచు పట్టి బిగుసుకపోయిందిరా. ఒక్క గంట ఆగమని సాబ్‌కు చెప్పు."

నేను ముందున్న మేజరు వీపు వైపు చూశాను. బావకు నా సంగతి తెలుసు.

"మీ సాబ్‌కు కోపం జాస్తి, నీకు భయం జాస్తి, నడుమ నా గన్నుకు చలి జాస్తి. జర చెప్పురా, పానాల తోటి పని."

అప్పుడే మేజరు వెనక్కి తిరిగి, పైన రెడీనా అని అడిగాడు. బావ చేతికి లొంగని తుపాకీ లేదు, ఈలోగా బాగు చేసేస్తాడు అని నాకు నేను చెప్పుకున్నాను. సబ్ ఠీక్ సాబ్ అన్నాను. ఆ మాటకు పట్టిన సమయం ఒక రెప్పపాటు.

గన్ను పేలలేదు. మావాళ్ళు తొమ్మిది మంది ఆ వాలు మీదే పడిపోయారు. శత్రువు గురి తన మీదికి మళ్ళించడానికి బావ మామూలు రైఫిల్ పట్టుకొని గట్టు దిగి వచ్చాడు. పదోవాడు ఆయనే. పైపోస్టు హవల్దారు సిద్ధంగా ఉన్నానని తప్పుడు కబురు పంపడం వల్ల దాడి విఫలమైందని మేజరు నివేదిక రాశాడు. చదివి వినిపించినప్పుడు నేను అటెన్షన్‌లో నిలబడి విన్నాను.

పింఛను తీసుకొని ఊరికొచ్చేసరికి ఆ కబురు నాకంటే ముందే చేరింది. జనం మాటలు పడలేక అక్క ఫిల్మ్‌నగర్ బస్తీకి వచ్చి, సినిమా కంపెనీలకు బట్టలు కుట్టి బతికింది. నేనూ ఆమె వెనుకే వచ్చాను. అక్కడి చర్చి సంఘంలో ఆదివారం పాటలు ఎత్తేది నేనే. మగవాళ్ళ వైపు నిలబడి నేను ఎత్తిన పాటను ఆడవాళ్ళ వైపు నుంచి అక్క అందుకునేది.

ఆ మేజరు కూడా పదవీ విరమణ చేసి జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టుకొని, పాత మనిషినని నన్ను డ్రైవరుగా పిలిపించుకున్నాడు. పదకొండేళ్ళలో ఒక్కసారైనా నాకు అక్కాచెల్లెళ్ళు ఉన్నారా అని అడగలేదు. యుద్ధం కథలు కావాలని సినిమావాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆ కొండ కథ ఆయన వెనుక సీట్లో కూర్చొని చెబుతుంటే నేను అద్దంలో చూడకుండా కారు నడిపేవాణ్ణి.

చివరికి ఒక డైరెక్టరు దాన్ని సినిమాగా తీస్తానన్నాడు. కథ చర్చ ఆ ఇంటి హాల్లోనే. వంటమనిషి రాలేదని టీ నేనే తీసుకెళ్ళాను.

"ఆ హవల్దార్ క్యారెక్టర్‌ని వదలకూడదండీ," అంటున్నాడు రచయిత. "పిరికోడు, అబద్ధం చెప్పాడు, మనవాళ్ళంతా పోయారు. ఇంటర్వెల్ కరెక్ట్‌గా అక్కడ పడుతుంది."

"వాడికి పెళ్ళాం ఉందా సార్?" అన్నాడు డైరెక్టరు. "ఉంటే ఇంకా బాగుంటుంది. ఊరంతా ఆవిడ మొహాన ఉమ్మేసే సీనొకటి పెడదాం."

"ఉన్నది సార్," అన్నాను. ట్రే ఇంకా నా చేతుల్లోనే ఉంది. "గీ కింద బస్తీలనే ఉంటది. మీ సినిమాలకే బట్టలు కుడ్తది. మా సొంత అక్క. ఆయన అబద్ధం చెప్పలే. గన్ను పనిచేస్తలేదనే చెప్పిండు. సబ్ ఠీక్ అన్నది నేను."

మేజరు వాళ్ళను పంపించేసి నన్ను కూర్చోమన్నాడు. ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"నాకెందుకు చెప్పలేదయ్యా ఆ రోజు?" అని గట్టిగానే మొదలుపెట్టాడు, కానీ గొంతు అంతలోనే దిగిపోయింది. "చెబితే మాత్రం ఆగేవాణ్ణా? మీ బావని పిరికిపంద అని తిట్టి, దాడికే వెళ్ళుండేవాణ్ణి. నాకు నిజం చెప్పే మనిషిని ఒక్కణ్ణీ మిగుల్చుకోలేదు నేను."

వాక్యం ఎరిగినవాళ్ళకు బైబిలులోని ఆ రాజు గుర్తుంటాడు, యుద్ధానికి పోవచ్చునా అని అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు వెళ్ళు, జయం నీదే అన్నారు. వద్దన్న ఒక్కణ్ణి చెరసాలలో వేయించాడు. సాయంత్రానికి రాజు నెత్తురు రథంలో కారింది. ఆ భాగం మీద మా సంఘంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో. విన్న ప్రతిసారీ రాజునే తప్పుపట్టాను గానీ, ఆ నాలుగు వందల మందిలో నన్ను నేను వెతుక్కోలేదు.

హీరోది తప్పయితే జనం చూడరని ఆ డైరెక్టరు సినిమా మానుకున్నాడు. మేజరు తన నివేదిక సరిదిద్దమని పైకి ఉత్తరం రాసి, మరునాడే అక్క దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. బస్తీలోకి కారు పోదు. ఆ ముసలాయన మెట్టు మెట్టుకూ ఆయాసపడుతూ ఎక్కి, కుట్టుమిషన్ ముందు కూర్చున్న మా అక్కకు సెల్యూట్ చేసి, తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పాడు. తన తప్పూ చెప్పాడు, నాదీ చెప్పాడు.

"కూసోండ్రి సార్, మెట్లెక్కి వచ్చిండ్రు," అంది అక్క. "ఆయన అబద్ధమాడడని నాకు ఎన్నడో ఎర్కే." తరువాత నా వైపు తిరిగింది. "ప్రతి ఆదివారం నా ఎదురుంగ నిలబడి పాటెత్తినవ్ గదరా తమ్మీ. గా నోటితోనేనా?"

ఉత్తరానికి జవాబు వచ్చేలోగా మేజరు పోయాడు. జవాబు ఇప్పటికీ రాలేదు. అక్క నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు, ప్రతి క్రిస్మస్‌కూ చొక్కా కుట్టి పంపేది. కానీ నేనెత్తిన పాటకు మాత్రం ఆమె గొంతు కలపలేదు. ఆమె పెదవులు కదలకుండా ఉండడం నేను కళ్ళారా చూశాను, ఆమెను సమాధి చేసే వరకూ. ఆ రోజు కూడా పాట ఎత్తమని నన్నే అడిగారు. నా వల్ల కాలేదు.

ఇప్పటి కమాండర్లకు ఆకాశంలో నుంచి అన్నీ కనపడతాయట, ఏ తుపాకీ పేలుతుందో ఏది పేలదో యంత్రమే చెబుతుందట. ఆనాడు ఒక కమాండర్‌కు కళ్ళయినా, చెవులయినా నాలాంటి వాడి నోరే. యంత్రానికి భయం ఉండదు కాబట్టి మంచిదే అనుకుంటాను. అయినా దాని మాట వినాల్సినది మనిషేనన్న దిగులు నాకు పోలేదు. ఆ మంగళవారం నేను లేచి వచ్చేసరికి ఆర్టిస్టు రెండో బూటు వేసుకుంటున్నాడు, మైకులో మళ్ళీ రెడీనా అని వినపడింది, మళ్ళీ అందరూ రెడీ సార్ అన్నారు.

సహోదరులారా, ఇది చదివాక ఒక్క నిమిషం నాతో తల వంచండి. ఆ వాలు మీద పడిపోయిన పదిమంది కోసం, వాళ్ళ ఇళ్ళ కోసం ప్రార్థించండి. ఆజ్ఞ ఇచ్చేవాళ్ళకు వినే చెవిని, కింద నిలబడ్డవాళ్ళకు కాదు సాబ్ అనే నోటిని ఇమ్మని అడగండి. నా కోసమైతే, మా అక్క ఉన్న చోట ఆమె ఎత్తే పాటకు గొంతు కలిపే అర్హత నాకు ఏనాటికైనా దొరకాలని అడగండి. ఆమేన్.