పచ్చని చేను మీద భయం

మొన్న గుడివాడ పెళ్లికి వెళ్తుంటే దారిలో వరిచేల మీద డ్రోను ఎగురుతోంది. పైరు మీంచి తిరిగొచ్చే వెలుగును బట్టి తెగులును ముందే పట్టేస్తుందని కారు తోలే అబ్బాయి సంబరంగా చెబుతుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు భయమేసింది.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది వానాకాలపు సార్వా పంట అది. బందరులో వ్యవసాయ పరిశోధన ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు టార్చిలైటంత పరికరం ఒకటిచ్చి దివిసీమ పొలాల మీదికి పంపారు. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనపడని ఒకరకం వెలుగును బాగా వెనక్కి కొడుతుందనీ, లోపల నలిగిపోతున్న ఆకు కొట్టలేదనీ, ఆ తేడాను ఆకు పండుబారక ముందే పరికరంలోని ముల్లు చూపిస్తుందనీ చెప్పారు. మోపిదేవి అవతల మా అక్కావాళ్ల చేను కూడా నా దారిలోనే ఉంది. ఉప్పెనలో అక్క అత్తగారినీ, గొడ్లనూ పోగొట్టుకున్న ఇల్లు అది. పొట్టకొచ్చిన ఆ చేను చూస్తే కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంది. పల్లంలో పరికరం పెడితే మాత్రం ముల్లు లేవలేదు. తుడిచి పెట్టాను, మబ్బు పోయేదాకా ఆగి పెట్టాను, అయినా లేవలేదు. మెరక మీద బాగానే లేచింది.

ఉప్పెన నీళ్లు పల్లంలో వదిలిపోయిన ఉప్పు మట్టిలోంచి పైకొస్తోందని అర్థమయ్యింది. ఉన్న నీళ్లు తీసేసి, కాలవ నీళ్లతో చేను కడగాలి. తీశాక కాలవ రాకపోతే మెరక పైరు కూడా ఎండిపోతుంది. పైగా ఆ పరికరం మా ఆఫీసులోనే ఎవరికీ పూర్తి నమ్మకం లేనిది. అయినా బావగారితో చెప్పేశాను.

"పచ్చగా ఉన్న చేను చచ్చిపోతోందంటావేంటమ్మాయ్? నీ మిషను తప్పయితే మేమేం తినాలి?" అన్నారు బావగారు.

"తప్పయ్యుండొచ్చండీ. కానీ నాకు భయంగా ఉంది."

అక్క సముద్రం వైపు చూసింది. "తుఫానొస్తోందని పోయినేడు రేడియోలో కూడా చెప్పారు కదండీ, మనమే వినలా," అంది ఆయనతో.

ఆయన పార తీసుకుని గట్టు తెగ్గొట్టారు.

నీళ్లు వదలాల్సిన మా వంతు రోజున కాలవ రాలేదు. మర్నాడూ రాలేదు. మెరక సన్నగా బీటలు తీస్తుంటే, అన్నం సయించక, గట్టు మీదే కూర్చుండిపోయాను. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు, నాకు దానికే ఎక్కువ భయమేసింది. ఇక ఆశ వదులుకున్నాక, ఒక పొద్దున నీళ్లొచ్చాయి. పల్లంలో సగం పోయి, మిగతా చేనంతా గింజకట్టింది. మా మాట నమ్మని పక్క చేలల్లో పల్లమంతా ఎర్రబడి పోయింది.

బావగారు ఇప్పుడు లేరు. ఆ చేను రొయ్యల చెరువయ్యింది. ఏ ఉప్పు వస్తుందోనని మా అక్క ఆ తర్వాత ఏళ్ల తరబడి చేలో నీళ్లు నాలుక మీద వేసుకుని చూసేదో, ఆ ఉప్పునీళ్లనే మోటార్లు పెట్టి తోడి నింపుతున్నారు. తప్పనను, ఎవరి బతుకు వాళ్లది. కానీ ఆ గట్టు మీద నిలబడితే, ఏమైపోతుందోనని భయపడడానికైనా ఒక్క పచ్చటాకు కనిపించదు.