శకుంతల మేడం వెనక్కి తోసిన జాయింట్ ఫొటో

వేలిముద్రల ఇంకు డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసనకు కోరుట్లలోని ఒక ఇరుకు గది గుర్తొస్తుంది. ఇప్పుడు జగిత్యాలలో నాకంటూ ఒక ఆఫీసు ఉంది కానీ, పని నేర్పింది శకుంతల మేడం. ఆమె ఉద్యోగుల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, రిటైరయ్యేవాళ్ల పింఛను కాగితాలు తయారుచేసేవారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ టైపు చేయడానికి చేరాను. భార్య పేర రిటర్ను వేయమని భర్త ఒక్కడే వస్తే మేడం కాగితాలు ముట్టుకునేవారు కాదు. "పెండ్లయితే ఇద్దరు ఒక్కటే అంటరు గని, టాక్సు కాడ ఇద్దరు ఇద్దరే. ఆమెను తోల్కరాండ్రి. ఏం రాస్తున్నమో ఆమెకు గూడ తెల్వాలె" అనేవారు. విసుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చేవాళ్లు కొందరు. మళ్లీ రానివాళ్లే ఎక్కువ.

ఒకరోజు, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒక సూపరింటెండెంటు తన వెంట ఒకావిడను తీసుకొని వచ్చాడు. పింఛను కాగితాలకు భార్యాభర్తల జాయింట్ ఫొటో జతచేయాలి. ఆయన పోయాక ఫ్యామిలీ పింఛను ఆ భార్యకే వెళ్తుంది. మేడం ఫొటో చూశారు, సర్వీసు రిజిస్టరు నకలు చూశారు.

"ఈ రిజిస్టర్ల భార్య పేరు అలివేలు అని ఉన్నది. ఈమె అలివేలేనా?"

"పేరుదేమున్నది మేడం? ఇరవై ఏండ్ల సంది ఈమెనే నాతోని ఉంటున్నది."

"అలివేలుతోని విడాకులైనయా?"

"కాలే. సచ్చిపోయిందని రాయుండ్రి. అడిగేటోడెవడు?"

"నేనడుగుతున్న గద" అంటూ మేడం ఫొటో వెనక్కి తోశారు.

ఆయన కుర్చీ జరిపి లేచాడు. "ఒక్క ఉద్యోగి గూడ నీ గడప తొక్కకుంట జేస్త."

"చేసుకో" అని, మేడం పక్కనున్నావిడ వైపు తిరిగారు. "అమ్మా, పెండ్లి భార్య బతికుండంగ ఆ పింఛను నీకు రాదు. నీకేం జేస్తడో ఇయ్యాల్నే అడుగు." ఆవిడ ఆయన వెనకే బయటికి నడిచింది.

ఆయన అన్నంత పనీ చేశాడు. వారాల తరబడి మా గదికి మనుషులు రాలేదు. "మనకెందుకు మేడం, ఇంకెవరన్న రాసిస్తరు గద" అన్నాను భయంగా. "గందుకే పోదాం పా" అని అలివేలు ఉండే ఊరు వాకబు చేసి, ఆమె నన్ను ఆటో ఎక్కించి కథలాపూర్ వైపు తీసుకెళ్లారు.

అలివేలు కూలికి నాటు వేస్తోంది. విషయం విని, "ఆయన పింఛను నాకెందుకు మేడం? మొఖం సూడక ఇరవై ఏండ్లాయె" అంది.

"వద్దనుకుంటె నువ్వే వద్దను. నువ్వు సచ్చిపోయినవని రాయమన్నడు."

నారు కట్ట ఆమె చేతిలోనే ఉండిపోయింది. బురద కాళ్లతో గట్టెక్కి నా వైపు తిరిగింది. "రాయి బిడ్డా. అలివేలు బతికే ఉన్నదని రాయి."

రాశాను. ముగ్గురం ఆయన పనిచేసే ఆఫీసుకే వెళ్లి ఆ కాగితం పై అధికారికి ఇచ్చాం. అధికారి ఆయన్ను పిలిపించి, ఈమె ఎవరని అడిగాడు. ఆయన, నువ్వే చెప్పుకో అన్నట్టు అలివేలు వైపు చెయ్యి చూపాడు.

"నా పేరు జెప్పు" అంది అలివేలు. "నేను జెప్ప. నువ్వే జెప్పు."

"అలివేలు... నా భార్య" అన్నాడాయన, వినపడీ వినపడనట్టు. కాగితాల్లో ఆమె పేరే ఎక్కింది. కొన్నాళ్లకు మా గదికి మళ్లీ మనుషులు రావడం మొదలైంది. కొందరు ఆడవాళ్లు ఒంటరిగానే వచ్చి, తమ పేరు ఎక్కడుందో చూపించమనేవాళ్లు.

మేడం ఇప్పుడు లేరు. మొన్న ఒకాయన భార్య సంతకాలు తానే పెట్టేసి ఫారాలు తెచ్చాడు. "ఆమెకు గివన్నీ తెల్వయి" అన్నాడు. "తెల్వకుంటె నేను చెప్త, తోల్కరాండ్రి" అన్నాను. వేరే ఆఫీసుకు పోతానని బెదిరిస్తే తలుపు చూపించాను. భయం వేయలేదని అనను. గిరాకీ పోతుందేమోనని ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ దడతోనే కాదంటాను.