ఫిరంగికి దండం

ఫ్యాక్టరీ పని మీద నన్ను హోసూరు నుంచి ఒక కరేబియన్ దీవికి పంపారు. "ఆడ కొండలుంటాయంట, ఈ బూట్లేసుకొని ఎక్కప్పా" అని అక్క కొత్త బూట్లు కొనిచ్చింది.

సెలవు రోజున, టూరిస్టులు పెద్దగా పోని, కొండ మీది పాత కోట చూద్దామని, గైడుగా వచ్చిన అక్కడి పెద్దామెతో బయలుదేరాను. మా వైపు కొండంటే పైన గుడి ఉన్నట్టే. అలవాటు కొద్దీ బూట్లు కిందే విప్పేసి ఎక్కాను. రాళ్లు కాలుతుంటే నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, వెనక్కి పోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఆమె ఇదేదో మొక్కు అనుకుని, పాపం, తనూ చెప్పులు విప్పేసింది.

పైన తుప్పు పట్టిన ఫిరంగి ఒక్కటే ఉంది.

"మీ దేవుడు ఇక్కడ ఉన్నాడా?" అని మెల్లగా అడిగింది.

ఆమె కాళ్ల బొబ్బలు చూశాక నిజం చెప్పే ధైర్యం లేక, ఫిరంగికి దండం పెట్టాను. ఆమె కూడా భక్తిగా కళ్లు మూసుకుంది.