మామగారి కంప్యూటర్ అరవై రెండు దగ్గర ఆగింది

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట అందరూ అంటారు, నేను మాత్రం కోపంగా అంటున్నాను. ఇరవై ఏళ్ళుగా ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. ఆధారం జత చేయని కాగితాన్ని నా టేబుల్ దాటనివ్వను. అలాంటిదాన్ని ఆధారం లేని సంగతి రాయాల్సి రావడమే నాకు ఒళ్ళుమంట.

మా మామగారూ గవర్నమెంటు మనిషే. రిటైరయ్యాక ఆర్.కె. పురంలో మా క్వార్టర్‌లోనే ఉండి, రెండేళ్ళ కిందట పోయారు. ఆయన మీద నాకున్న కోపం దాచుకోను. తునిలో మా అమ్మకి బాగా లేదని కబురొచ్చినప్పుడు, తన కంటి ఆపరేషన్ అయ్యాక వెళ్ళమన్నారు. మా ఆయన నోరు మెదపలేదు. ఎనిమిది రోజులు ఆగి బయల్దేరాను. రైలు బల్లార్షా చేరకముందే అమ్మ పోయింది.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆయనకి వేళకి కాఫీ ఇచ్చాను. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న ఎండాకాలం, పన్నెండో తరగతి చదివే మా అమ్మాయి ప్రాక్టీసు పరీక్షల కోసం ఆయన పాత కంప్యూటర్ బయటికి తీశాం. మరీ నత్తనడక. అంతా చెరిపేసి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేస్తే సరిపోతుందన్నారు మా ఆయన.

ముందుగా ఫొటోలన్నీ నేనే కాపీ చేశాను. 'పాత ఫైళ్ళు, నాశనం చేయదగినవి' అని ఒక ఫోల్డర్ కనబడింది. మా ఆఫీసుల్లో గడువు తీరిన కాగితాలని ఇలాగే వేరు చేసి పారేస్తాం. ఆ అలవాటు కొద్దీ తెరిచి కూడా చూడకుండా వదిలేశాను.

ఆదివారం పొద్దున పెన్ డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాం. అరవై రెండు శాతం దగ్గర ఆగిపోయింది. రెండోసారీ అక్కడే. "మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు కదేటి, మా నాన్న కంప్యూటర్ మరి," అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి హిందీలో విసుక్కుని, వదిలేసి కొత్తది కొనమంది.

మధ్యాహ్నం మార్కెట్ నుంచి రిపేరు చేసే అతన్ని పిలిచాం. నా కళ్ళ ముందే డిస్కు మొత్తం చెరిపేశాడు. ఖాళీ అని తెర మీద చూపించాడు కూడా. మళ్ళీ వేస్తే మళ్ళీ అరవై రెండు. లోపలి మెమరీ మార్చాడు, ఫలితం లేదు. అదే పెన్ డ్రైవ్‌తో పక్క క్వార్టర్‌లో వాళ్ళ కంప్యూటర్‌కి వేస్తే అరగంటలో అయిపోయింది.

చివరికి ఒకసారి ఆపి, ఆన్ చేశాడు. చెరిపేసిన మామగారి పాత తెరే మళ్ళీ వచ్చింది. దాని మీద ఒక ఫైలు తెరుచుకుని ఉంది.

"మేడమ్, మైనే తో సబ్ డిలీట్ కర్ దియా థా," అన్నాడతను. అంతా చెరిపేశానే అని. డబ్బా విప్పి, లోపల ఇంకో డిస్కు లేదని చూపించాడు. నేనూ వంగి చూశాను. లేదు.

ఫైలు తెలుగులో ఉంది. ఆయనకి తెలుగు టైపు వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. అచ్చం ఆఫీసు నోట్ లాగే రాశారు.

"విషయం: కోడలిని తల్లి వద్దకు సకాలంలో పంపకపోవుట. ఆపరేషన్ వాయిదా వేయుటకు వీలుండెను. తప్పు ఈ దిగువ సంతకందారుదే. శ్రీమతి పద్మావతి గారి పరిశీలనకు, తగు ఉత్తర్వులకు సమర్పించడమైనది."

కింద నా సంతకానికి ఖాళీ వదిలారు. తేదీ చూస్తే, పోవడానికి మూడేళ్ళ ముందుది. ఉన్నది ఆ 'నాశనం చేయదగినవి' ఫోల్డర్‌లోనే.

నాకు ఏడుపు రాలేదు. తల నుంచి కాళ్ళ దాకా మండిపోయింది. మూడేళ్ళు నా చేతి కాఫీ తాగుతూ దీన్ని పారేసే కాగితాల్లో దాచుకున్నారా? బతికుండగా సాధించింది చాలక, చచ్చీ సాధిస్తున్నారా?

మా ఆయన నా వెనక నిలబడి చదివారు. "క్షమించేసేనని రాసీ పద్మా. పోయిన మనిషే కదా," అన్నారు.

"మీరు ఆరోజు నోరు విప్పి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు," అన్నాను.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ ఖాళీలో 'చూశాను' అని కొట్టి, పేరు, తేదీ వేశాను. ఆఫీసులో ఆమోదించడం ఇష్టం లేనప్పుడు అంతే రాస్తాం. కాపీ తీసి ఇవ్వనా అని రిపేరు అతను అడిగాడు. అక్కర్లేదన్నాను.

మళ్ళీ మొదలుపెట్టాడు. అరవై రెండు వచ్చింది, అరవై మూడు వచ్చింది. చివరిదాకా ఆగకుండా వెళ్ళింది. ఇప్పుడు మా అమ్మాయి దాని మీదే పరీక్షలు రాస్తోంది.

చెరిపేసిన డిస్కు మీద ఆ ఫైలు ఎలా వచ్చిందో, కంప్యూటర్ల పని తెలిసినవాళ్ళని ఇద్దర్ని అడిగాను. ఇద్దరూ అలా జరగదన్నారు. నాకూ తెలియదు. చచ్చాక ఇంత పట్టు పట్టగలిగిన మనిషి, బతికుండగా వంటింటి గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట ఎందుకు అనలేకపోయారో, అది అంతకన్నా తెలియదు.