టూవూంబా తరగతిలో అత్తాకోడళ్ళు

మొన్న ఆస్ట్రేలియాలో, పాయింట్ కుక్‌లో మా అమ్మాయి ఇంటి దగ్గరున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, కౌంటర్ వెనక కూర్చున్న పిల్ల నా చీర వంక చూసి, ఎంతో మర్యాదగా ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగింది. కాకినాడ బళ్ళో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని కదా, ముందు నవ్వొచ్చింది. కానీ అక్కడి కుర్చీలో కూర్చున్నాక మనసు టూవూంబాకి వెళ్ళిపోయింది.

అప్పట్లో మావారి ఉద్యోగం ఈ దేశంలోనే, ఆ కొండ మీది ఊళ్ళో. ఇరాక్‌లో తమ పల్లెల మీద పడ్డ సాయుధుల వల్ల అయినవాళ్ళని పోగొట్టుకుని, ఏళ్ళకేళ్ళు గుడారాల్లో బతికి వచ్చిన యజీదీ కుటుంబాలు అక్కడ కాపురాలు పెడుతున్న రోజులవి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే సెంటర్‌లో నేను టీచరుగా చేరాను. నా తరగతిలో కిటికీ పక్కన ఒక అత్తగారూ కోడలూ కూర్చునేవారు. ఇద్దరూ బడి మొహం చూసినవారు కారు. వారిద్దరినీ కలిపిన మనిషి, ఆవిడకి కొడుకు, ఈమెకి భర్త, ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

ఒకరోజు మా సెంటర్ పెద్దావిడ, వీళ్ళకి సాయంగా ఉంటుందని, అరబ్బీ తెలిసిన ఒక పెద్దమనిషిని తీసుకొచ్చింది. ఆయన నవ్వుతూ అరబ్బీలో పలకరించాడో లేదో, అత్తగారు పెన్సిల్ జారవిడిచి గోడకి అతుక్కుపోయింది. కోడలు ఆవిడని దాదాపు మోసుకుంటూ బయటికి తీసుకుపోయింది. మర్నాడు ఇద్దరూ రాలేదు. ఆ వారమంతా రాలేదు.

ఉండబట్టలేక ఇంటికి వెళ్ళాను. కోడలు తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకుని, ఆ భాష, మా ఇల్లు, ఆ మగవాళ్ళు, అని చెప్పి ఆగిపోయింది. అంతే చాలింది నాకు. పాపం, భాష చేసిన తప్పేముంది, ఆ వచ్చినాయనా యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడే. అయినా చెవికి ఆ సంగతులన్నీ తెలియవు కదా. వీళ్ళ సొంత భాష కుర్మాంజీ. అది తెలిసినవాళ్ళని చూడమని మా పెద్దావిడని అడిగితే, ఊళ్ళో దొరకరంది.

"నీకెందుకే ఈ గొడవ? మేనేజ్‌మెంట్‌తో పెట్టుకుంటే ఉన్న క్లాసు కూడా తీసేస్తారు," అన్నారు మావారు.

"తీసెయ్యనివ్వండి. వాళ్ళింట్లో టేబుల్ లేదా ఏం?" అన్నాను.

అన్నట్టే మధ్యాహ్నాలు వాళ్ళ వంటింట్లో పాఠం మొదలుపెట్టాను. పక్కన తన చిన్న కూతురు ఆడుకుంటుంటే, కోడలు రొట్టెల పిండి పిసుకుతూనే మాటలు వల్లించేది. చెప్పిన వాక్యం తడబడకుండా వచ్చేదాకా నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. అత్తగారు మాత్రం టీ గ్లాసు నా ముందుకి జరిపి, మౌనంగా కూర్చునేది. ఇటు సెంటర్‌లో ప్రతి మీటింగులోనూ నేను అదే అడుగుతుంటే, చివరికి విసుగెత్తో జాలిపడో, ఫోన్లో మాట్లాడే కుర్మాంజీ మనిషిని వెతికి పెట్టారు.

వాళ్ళు తిరిగి తరగతికి రావాలనుకుంటుండగానే అత్తగారికి కడుపులో విపరీతమైన నొప్పి వచ్చింది. నేనే కార్లో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు మంచి మనసుతోనే ఇంటర్‌ప్రెటర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అందులోంచి అరబ్బీ వినబడింది. అత్తగారు మంచం దిగబోయింది. నేను నోరు తెరిచేలోగా కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నో అరబిక్. ఐ స్పీక్. స్లోలీ. యూ వెయిట్," అంది నర్సుతో.

నర్సు ఫోన్ పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో, ఏ మాత్రలు పడవో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ కోడలు చివరిదాకా చెప్పింది. పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటూ వినడం తప్ప నాకేం పని లేకపోయింది. పిత్తాశయంలో రాళ్ళు, ఆపరేషన్ చేశారు, ఆవిడ కోలుకుంది. కొన్నాళ్ళకి ఇద్దరూ కిటికీ పక్కకి తిరిగొచ్చారు.

కిందటేడు వాళ్ళని చూడ్డానికి టూవూంబా వెళితే కోడలు తన కార్లోనే వచ్చి నన్ను తీసుకెళ్ళింది. వృద్ధాశ్రమంలో ఉద్యోగమట. కొడుకు కబురు మాత్రం ఇంకా లేదు. బడికెళ్ళే మనవరాలు నాయనమ్మ ఏమడిగినా, నా మనవలు నాకు చెప్పినట్టే, ఇంగ్లీషులోనే జవాబు చెబుతోంది. ఆ రోజుల్లో కొత్త భాష నోటికెక్కితే చాలుననుకున్నాం. అది ఎక్కి కూర్చుంది, సొంత భాష ఎప్పుడు దిగిపోయిందో మేం చూసుకోలేదు. కోడలు చూసుకుంది. శనివారాలు ఒక హాల్లో పిల్లలకి కుర్మాంజీ నేర్పుతోంది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో అత్తగారు పిల్లల పలుకు తప్పినప్పుడల్లా చెయ్యెత్తి ఆపి, హాలంతా వినబడేట్టు సరిదిద్దుతోంది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.